బడి భాష, పై చదువుల దారి

ప్రశ్న: ఒకటో తరగతిలో చేరబోయే బిడ్డకు తెలుగు మాధ్యమమా, ఆంగ్ల మాధ్యమమా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఇంటి భాష తెలిసిన ఉపాధ్యాయుడు కొత్త భాషలోనే పాఠం చెబుతూ, పిల్లలు తడబడి తెలుగులో అడిగినా అర్థం చేసుకుని నడిపించే పద్ధతిని భాషా నిమజ్జనం అంటారు, ఆ ఆసరా లేని ఆంగ్ల మాధ్యమం బట్టీకే దారితీస్తుంది. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 నుంచి ఆంగ్ల మాధ్యమం ప్రవేశించినప్పుడు ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లం ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. చిన్న తరగతులకు ఇవి ఎంతో విలువైనవి. పైకి వెళ్లేకొద్దీ తెలుగు దారి ఇరుకవుతుంది: ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్‌ను తెలుగులో రాయవచ్చు గాని, అడ్వాన్స్‌డ్ పరీక్ష హిందీ, ఆంగ్లాల్లోనే ఉంటుంది, వరంగల్ ఎన్ఐటీలో బోధన ఆంగ్లంలోనే సాగుతుంది. కనుక తెలుగు ఆసరా గల ఆంగ్ల మాధ్యమమే మేలు. చేర్చే ముందు ఆ తరగతిలో పిల్లలను తెలుగులో ప్రశ్న అడగనిస్తున్నారో లేదో తల్లిదండ్రులు తప్పక చూడాలి.