‘మనమంతా ఒకే ఫ్యామిలీ’ అంటారు, అర్ధరాత్రి దాకా ఇంటికి పోనివ్వరు



నా వయసు 26. మాది తెనాలి. మాసాబ్‌ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివి, హైదరాబాద్‌లోనే ఒక యాడ్ ఏజెన్సీలో డిజైనర్‌గా చేరాను. ఇష్టపడి ఎంచుకున్న పని. ఇప్పుడు ల్యాప్‌టాప్ తెరవాలంటేనే గుండెదడ వస్తోంది.

సాయంత్రం ఆరింటికి ‘చిన్న కరెక్షన్’ అంటూ మొదలవుతుంది. అర్ధరాత్రి దాటాక పదో వర్షనో పన్నెండో వర్షనో పంపితే, పొద్దున్నే క్లయింట్ మొదటిదే బాగుందంటాడు. కొత్త క్లయింట్ కోసం పోటీపడే పిచ్ ఉందంటే ఆదివారం కూడా ఆఫీసే. మా క్రియేటివ్ డైరెక్టర్ అందరి ముందూ ‘ఇది డిజైనా, పెళ్లి శుభలేఖా?’ అని అరుస్తారు. అమ్మమ్మ పోయినప్పుడు సెలవడిగితే, ‘మనమంతా ఒకే ఫ్యామిలీ, ల్యాప్‌టాప్ తీసుకెళ్లు’ అన్నారు. పెద్దకర్మ రోజు పెరట్లో కూర్చుని సంక్రాంతి ఆఫర్ల పోస్టర్ చేశాను. నేను చేసిన క్యాంపెయిన్‌ను అవార్డుకు పంపినప్పుడు అందులో నా పేరే లేదు. కొత్త ఇంటర్న్ వాష్‌రూమ్‌లో ఏడుస్తుంటే ఏమని ఓదార్చాలో తెలియలేదు.

మూడేళ్ల బాండ్ రాయించుకున్నారు. ముందే మానేస్తే రెండు లక్షలు కట్టాలట. సీనియర్లేమో ‘ఈ ఫీల్డే ఇంత’ అంటారు. నాన్న కంగారుపడతారని ఇంట్లో చెప్పలేదు. లోపం నాలోనే ఉందా? మానేయమంటారా?

– ఒక సోదరి, హైదరాబాద్

సలహా:

లోపం మీలో లేదమ్మా. మీ ఏజెన్సీ వ్యాపారం చేసే తీరులో ఉంది.

పిచ్ గెలవాలని డబ్బు రాని పనికి మీచేత రాత్రింబవళ్లు గీయిస్తారు. గెలవడం కోసం రేటు తగ్గిస్తారు. నెలకింత అని ఒప్పందం రాసుకుంటారు గానీ, మార్పులు ఎన్నిసార్లు చేసిస్తారో అందులో రాసుకోరు. క్లయింట్ ఎన్ని మార్పులు అడిగినా యజమాని జేబులోంచి రూపాయి పోదు, మీ నిద్ర పోతుంది. ఏం కావాలో చెప్పే బ్రీఫ్‌ను క్లయింట్ నుంచి సరిగ్గా తీసుకోలేని, అతనితో ‘కుదరదు’ అనలేని పెద్దల చేతగానితనాన్ని మీ ప్రతిభ మీదికి నెడుతున్నారు. ఆ అరుపులన్నీ అందుకే.

‘ఈ ఫీల్డే ఇంత’ అన్న మాటకు నాకు కోపం వస్తుంది. జపాన్‌లో డెంట్సు అనే పెద్ద ఏజెన్సీలో చేరి ఏడాదైనా కాకముందే, 2015 డిసెంబర్ 25న, 24 ఏళ్ల మత్సురి తకహాషి ప్రాణం తీసుకుంది. నెలకు వంద గంటలు దాటిన ఓవర్‌టైమే కారణమని అక్కడి కార్మిక అధికారులు తేల్చారు. 2017లో టోక్యో కోర్టు ఆ కంపెనీని దోషిగా తేల్చి 5 లక్షల యెన్ల జరిమానా వేసింది. అంత పెద్ద కంపెనీకి అదొక లెక్కా! ఆ అమ్మాయితోనూ ఎవరో ఒకరు ‘ఈ ఫీల్డే ఇంత’ అనే ఉంటారు.

అందుకే ముందు మీ గుండెదడ సంగతి చూడండి. డాక్టర్‌ దగ్గరికి వెళ్లండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఏ వేళకైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. నాన్నగారికి ఈ వారమే చెప్పండి. ఆయన కంగారుపడినా ఫర్వాలేదు, మీరు ఒంటరిగా మోయడం కన్నా అది నయం.

బాండ్ చూసి బెదిరిపోకండి. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, బాండ్‌లో రాసిన సొమ్ము గరిష్ఠ పరిమితి మాత్రమే. కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. మీ శిక్షణకు వాళ్లు నిజంగా ఎంత ఖర్చుపెట్టారన్న ప్రశ్న వస్తుంది. బాండ్ కాపీ తీసుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు అక్కడ న్యాయసాయం ఉచితం.

ఆ ఇంటర్న్‌ను పక్కకు పిలిచి, ఎందుకు ఏడ్చిందో అడగండి. లైంగిక వేధింపైతే, పనిచోట దాన్ని అరికట్టే 2013 చట్టం శిక్షణలో ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. అది జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయాలి. మీరు తోడుంటే ఆ పిల్లకు ధైర్యం.

ఇక ఉద్యోగమంటారా, మానేయండి. కాకపోతే బయటికొచ్చిన మీ పనులన్నీ తేదీలతో పోర్ట్‌ఫోలియోలో పెట్టుకుని, ఇంకోచోట మాట అయ్యాక రాజీనామా ఇవ్వండి. ఇంటర్వ్యూలో జీతం ఒక్కటే అడగొద్దు. ఎన్ని మార్పులకు ఒప్పుకుంటారో, పని చేసినవాళ్ల పేరు వేస్తారో లేదో అడగండి. అక్కడ మానేసినవాళ్లు దొరికితే వాళ్లతోనూ మాట్లాడండి.

ఏజెన్సీలు నడిపేవారికీ ఒక విన్నపం. మార్పులు ఎన్నిసార్లో ఒప్పందంలోనే రాయండి. అది దాటితే క్లయింట్‌ దగ్గర డబ్బు అడగండి, మీ దగ్గర పనిచేసే పిల్లల రాత్రులు కాదు.