పాట ఊరూరికీ ఎందుకు మారుతుంది?

తీజ్ పాట ఒక తండాలో ఒక రాగంలో, పక్క తండాలో ఇంకో రాగంలో వినిపిస్తుంది. అప్పుడు "మాదే అసలుది, మీది చెడిపోయింది" అని మనం వాదులాడుకుంటం. దీనికి జవాబు దొరకాలంటే రోమాల సంగతి తెలుసుకోవాలె.

రోమాలు ఎవరు?
సుమారు వెయ్యేండ్ల కిందట ఉత్తర భారతం నుంచి బయలుదేరి, పర్షియా మీదుగా యూరప్ చేరిన సంచార జాతి. వాళ్లు నీళ్లను 'పానీ' అంటరు. రెండును 'దుయ్', మూడును 'త్రిన్' అంటరు. లంబాడీ బోలీలో ఇవి 'ది', 'తీన్'. రెండు జాతులూ ఒక్కటేనని కొందరు చెప్తరు గాని దానికి గట్టి రుజువు లేదు. భాషలు మాత్రం ఒకే కుటుంబానివి.

ఏ దేశంలో ఏ సంగీతం?
1. స్పెయిన్: గిటార్, చప్పట్లు, కాళ్ల దరువుతో ఫ్లమెంకో. దీన్ని 2010లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.
2. హంగరీ: వయొలిన్, సింబలోం. సింబలోం అంటే చిన్న పుల్లలతో కొట్టే తీగల పెట్టె.
3. సెర్బియా, మేసిడోనియా: ఇత్తడి బాకాల బ్యాండు. టర్కీ సైన్యాల బ్యాండ్ల నుంచి వచ్చింది.
4. ఫ్రాన్సు: జాంగో రైన్‌హార్ట్ (1910–1953) గిటార్. 1928లో బండి కాలిపోయి ఆయన ఎడమ చేతి రెండు వేళ్లు దెబ్బతిన్నయి. మిగిలిన వేళ్లతోనే కొత్త బాణీ కట్టిండు.

ఇంత తేడా ఎందుకు? చాలామంది రోమాలకు సంగీతమే బతుకుదెరువు. ఇతరుల పెళ్లిళ్లలో వాయించాలంటే వాళ్ల వాయిద్యం, వాళ్ల పాట నేర్వాలె. నేర్చుకుని తమ పద్ధతిలో వాయించిన్రు. రొమేనియాలో 1856 దాకా బానిసలుగా ఉండి కూడా సంగీతం విడువలేదు.

మన సంగతి
లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోస్తూ దేశమంతా తిరిగిన్రు. రైళ్లు, రోడ్లు వచ్చినంక ఆ వ్యాపారం పోయి తండాల్లో స్థిరపడ్డరు. కర్ణాటకలో లంబాణీలు, మహారాష్ట్రలో బంజారాలు అంటరు. బోలీలో ఒకచోట తెలుగు, ఒకచోట కన్నడ, ఒకచోట మరాఠీ మాటలు కలిసినయి. పాటలోనూ అంతే. కాని ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ పాడటం, తీజ్ గోధుమ మొలకలు, హోలీ పాటలు అంతటా ఉన్నయి. కాబట్టి మారిన పాట చెడిపోయిన పాట కాదు.

పాడేవాళ్లు లేకపోతేనే పాట పోతుంది. మన జిల్లా దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వాయించే పన్నెండు మెట్ల కిన్నెర నేర్చినవాళ్లు ఇప్పుడు బహు కొద్దిమంది.

మనం చేయగల పని
లంబాడీ బోలీకి సొంత లిపి వాడుకలో లేదు. సెలవులకు పోయినప్పుడు యాడిని, ముసలమ్మలను అడిగి ఒక్కో పాట తెలుగు అక్షరాల్లో రాసుకరండి. తండా పేరు, ఏ పండుగకు పాడుతరో కింద రాయండి. తేడా ఉంటే దిద్దొద్దు, రెండూ ఉంచండి. చెంచు మిత్రులు తమ పెంటల పాటలు తేవాలె. వార్డెన్ సార్లు నెలకొక సాయంత్రం పాడించాలని కోరుతున్నం.

ప్రశ్నలు
1. సింబలోం ఎట్లా వాయిస్తరు?
2. రోమాల సంగీతం దేశదేశానికీ ఎందుకు మారింది?
3. మీ తండా లేదా పెంటలో మాత్రమే పాడే పాట ఏది?