ఆ మీటరు జాగా అడిగే ముందు

అనంతపురంలో ఇళ్లకు ప్లాన్లు గీసి బతికినవాణ్ని. కొత్తిల్లు కట్టేవాళ్లకన్నా, ఉన్న ఇంటికి ఇంకో గది కలపాలనేవాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవారు. కొడుక్కి పెళ్లి కుదిరిందని ఒకరు, వేరుశెనగ వరసగా దెబ్బతీయడంతో పల్లెలోని అమ్మానాన్నలు ఇక్కడికే వచ్చేశారని ఇంకొకరు. అందరి కన్నూ ఇంటికీ ప్రహరీకీ మధ్యనున్న సందు మీదే. "ఊరికే పడుంది కదా సార్, కలిపేద్దాం" అనేవారు. వాళ్లకు చెబుతూ వచ్చిన మాటలే ఇవి.

1. ముందు టేపు పట్టండి.
మూడు సెంట్ల జాగా అంటే సుమారు 121 చదరపు మీటర్లు. 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో, మామూలు వీధిలో ఇల్లయితే ముందు మీటరున్నర, మిగతా పక్కల మీటరు చొప్పున వదలాలి. ముప్పై అడుగుల వెడల్పు, నలభైమూడున్నర అడుగుల పొడవున్న జాగాలో ఇవన్నీ పోగా కట్టుకోవడానికి మిగిలేది 820 చదరపు అడుగుల పైచిలుకు. మీ ఇల్లు ఇప్పటికే ఆ గీత దాటి ఉందేమో చూసుకోండి. దస్తావేజులో కొలత ఒకటి, నేల మీద కొలత ఇంకొకటి ఉన్న ఇళ్లు ఈ ఊళ్లో బోలెడు.

2. ఆ సందు మీ బోరుది.
మన ఊళ్లో బోరు లేని ఇల్లు అరుదు. అది ఉండేదేమో ఆ సందులోనే. మోటారు కాలిందంటే పైపులన్నీ బయటికి లాగాలి. జీఐ పైపు ఒక్కోటి ఇరవై అడుగులు. ఆరు వందల అడుగుల లోతులో మోటారుంటే ముప్పై పైపులు. ఒక్కొక్కదాన్నీ గొలుసుతో పైకెత్తి, కింది పైపు జారిపోకుండా క్లాంపు బిగించి, మర విప్పి పక్కన పడుకోబెట్టాలి. పైపు నిటారుగా లేవడానికి పైన అడ్డం ఉండకూడదు, పడుకోబెట్టడానికి కింద చోటుండాలి. ఒకాయన బోరును లోపలికి కలుపుకొని వంటిల్లు కట్టించి, స్లాబులో అడుగు వెడల్పు చిల్లు వదిలించాడు. మోటారు పోయిన రోజు మిద్దె మీద ముక్కాలి నిలబెట్టి లాగారు. పొయ్యి మీద, గూళ్ల మీద తుప్పు నీళ్లు కారాయి. అదైనా తుడుచుకోవచ్చు. బోరే ఎండిపోతే? కొత్తది వేయడానికి రిగ్గు వంటింట్లోకి రాదు కదా! ముందు వైపు జాగా కూడా కప్పేసినవాళ్లకు ట్యాంకరే గతి.

3. వానది కూడా.
మన జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. అంతేనా అనకండి. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద పడే ఆ వానే ఏడాదికి యాభై వేల లీటర్లు. ఇంకుడు గుంత తవ్వాలంటే మట్టి కనబడే జాగా ఉండాలి. 2002 నాటి వాల్టా చట్టం బోర్లకు అనుమతి గురించీ, వాన నీటిని నేలలో ఇంకించడం గురించీ చెప్పింది ఇలాంటి నేలల కోసమే. సందంతా బండలు పరిచి, పైన గది వేసి, నీళ్లు పడలేదని ఇంకో వంద అడుగులు లోతుకు పోతే ఎవర్ని అనాలి?

4. అడిగే దారి ఉంది, అడగండి.
చాలామందికి తెలియనిది ఇదే. స్థలం 300 చదరపు మీటర్లకు మించకుండా, ఇంటి ఎత్తు 12 మీటర్ల లోపు ఉంటే, ఒక పక్క వదలాల్సిన జాగాలో మీటరు దాకా ఇంకో పక్కకు మార్చుకోవచ్చు. కట్టుబడి మొత్తం మీద పెరగకూడదు. ముందు వైపు జాగాను మాత్రం మార్చనివ్వరు. బోరు లేని పక్క గోడ జరిపి, బోరున్న పక్క రెండు మీటర్లు వదిలామనుకోండి, గదికి గది, బోరుకు చోటు. ప్లాన్లో ముందే చూపించి అనుమతి తీసుకుంటే ఇది హక్కు. కట్టేశాక చెబితే ఉల్లంఘన.

5. రోడ్డుకు జాగా ఇస్తే ఊరికే ఇవ్వకండి.
రోడ్డు విస్తరణలో మీ స్థలం పోతుంటే, పరిహారం అడగకుండా వదిలినవాళ్లకు సెట్‌బ్యాకుల్లో (చుట్టూ వదలాల్సిన జాగాల్లో) సడలింపో, బదిలీ చేసుకోగల హక్కుల బాండో ఇచ్చే వీలు నిబంధనల్లోనే ఉంది. ఆ మాట రాతలో వచ్చాకే ప్రహరీ పడగొట్టించండి.

6. పది శాతం మాట నమ్ముకుని కట్టకండి.
"కొంచెం జరిగినా ఫైను కట్టేయొచ్చు" అని మేస్త్రీ చెబుతాడు. నిజమే, పది శాతం లోపు డీవియేషన్‌కు ఆ వెసులుబాటుంది. కానీ మీటరులో పది శాతమంటే నాలుగంగుళాలు. ఆ నాలుగంగుళాల్లో గది రాదు, గోడ కూడా సరిగా పట్టదు. ముందు వైపు గీతకు ఆ వెసులుబాటు కూడా లేదు.

7. బీపీఎస్ వస్తుందని కాచుకోకండి.
2007 చివర్లో, 2015లో, 2019లో ప్రభుత్వం అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణకు బీపీఎస్ పేరుతో పథకాలు తెచ్చింది. ప్రతిసారీ ఒక గడువు తేదీ పెట్టింది. 2015 నాటి పథకానికి 2014 డిసెంబరు 31, 2019 నాటిదానికి 2018 ఆగస్టు 31. ఆ తేదీ తర్వాత కట్టినవాళ్లు మళ్లీ పథకం ఎప్పుడొస్తుందా అని ఏళ్ల తరబడి చూడాల్సి వచ్చింది. ఇక చెరువు జాగాలో, ప్రభుత్వ భూమిలో కట్టినవాటికి ఏ పథకమూ వర్తించలేదు.

8. పన్ను రశీదు అనుమతి పత్రం కాదు.
అనుమతి లేని కట్టడానికి కూడా పన్ను వేస్తారు, పైగా 25 నుంచి 100 శాతం దాకా జరిమానా కలిపి వేస్తారు. అది కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం కాదు. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు, ప్లాను ప్రకారమే కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే బ్యాంకులు ఇంటి తాకట్టు మీద అప్పివ్వాలని చెప్పింది. రేపు పిల్లల చదువుకు ఇల్లు తాకట్టు పెట్టాలంటే అనుమతి లేని ఈ గదే అడ్డం పడుతుంది.

9. నోటీసు వస్తే పెట్టెలో దాచకండి.
2024 నవంబరు 13 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం పదిహేను రోజుల గడువుతో నోటీసు ఇవ్వకుండా ఇల్లు కూల్చకూడదు. రోడ్డు మీదో, నీటి వనరులోనో కట్టినవాటికి ఆ రక్షణ లేదు. ఆ పదిహేను రోజులూ జవాబు రాయడానికే. నాయకుల ఇళ్ల చుట్టూ తిరగడానికి కాదు.

10. పక్కింటివాళ్లతో ముందే మాట్లాడండి.
ఫిర్యాదులు పుట్టేది ఆఫీసులో కాదు, గోడ అవతల. వాళ్ల కిటికీకి గాలి, వాళ్ల గోడకు మీ మిద్దె నీళ్లు, ఈ రెండూ తేల్చుకోండి. పాతూరు వంటి చోట్ల గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో ఉమ్మడి గోడ ముట్టుకునే ముందు ఇద్దరి సంతకాలతో కాగితం రాసుకోవాలి.

11. పక్కకు పెంచే ముందు పైకి చూడండి.
మూడు సెంట్ల జాగాలో పది మీటర్ల ఎత్తు దాకా కట్టుకోవచ్చు. కాబట్టి చాలామందికి సడలింపు అవసరమే లేదు, పై అంతస్తుకు అనుమతి చాలు. మెట్లు మాత్రం సందులోకి దించకండి. మట్టితో కట్టిన రాతి గోడల మీద చవుడు మిద్దె ఉన్న ఇల్లయితే ఆ గోడల మీద స్లాబు ఎక్కించకండి. లోపలే పిల్లర్లు లేపాలి. ఒక్కో గదిలో జానెడో మూరెడో పోయినా ఫరవాలేదు.

2019 నుంచి వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ ఉంటున్నారు. దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పాత ప్లాను, బోరున్న చోటు గుర్తుపెట్టిన కాగితం పట్టుకుని, లైసెన్సున్న ఇంజనీరుతో కలిసి ముందు అక్కడికి వెళ్లండి. పునాది ముగ్గు ఆ తర్వాతే.