వెన్నెముక మీద పరిశోధనకు తెల్లకోటు తప్పనిసరా?

“మావాడికి వెన్నెముక మీద పరిశోధన చేయాలని ఉందండీ, అందుకే మళ్లీ నీట్ లాంగ్ టర్మ్‌లో చేర్పించాం” అనే తల్లిదండ్రులు తరచూ కనిపిస్తుంటారు. శరీరానికి సంబంధించిన చదువంటే ఎంబీబీఎస్సేనన్న నమ్మకం మన ఇళ్లలో అంతగా పాతుకుపోయింది. రోగికి వైద్యం చేయాలనుకుంటే ఆ దారి సరైనదే. వెన్ను ఎలా నిలబడుతోందో తెలుసుకోవాలనుకునే పిల్లవాడికి మాత్రం అది చుట్టుదారి.

కండరాలు తీసేసి ఎముకలు, డిస్కులు, లిగమెంట్లు మాత్రమే మిగిల్చిన ఛాతీ, నడుము భాగాల వెన్ను పైనుంచి సుమారు 2 కిలోల బరువు పడితే చాలు, వంగిపోతుంది. పరిశోధకులు లూకస్, బ్రెస్లర్ 1961లో చూపిన సంగతి ఇది. మన తల బరువే 4, 5 కిలోలుంటుంది! ఆ ఇద్దరిలో బోరిస్ బ్రెస్లర్ బర్క్‌లీలో సివిల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్. బీటెక్‌లో స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ చదివినవాళ్లకు కాలమ్ బక్లింగ్ గుర్తుండే ఉంటుంది. ఇక్కడి లెక్కా అదే.

మరి మనం నిటారుగా ఎలా నిలబడుతున్నాం? డాబా మీది యాంటెన్నా గొట్టాన్ని నాలుగు వైపులా తీగలతో లాగి కట్టినట్టు వెన్నును కండరాలు పట్టి ఉంచుతాయి. ఏ కండరం ఎప్పుడు ఎంత బిగియాలో నాడీ వ్యవస్థ చూసుకుంటుంది. ఎముకలు-లిగమెంట్లు, కండరాలు, నాడీ నియంత్రణ ఈ మూడూ కలిస్తేనే స్థిరత్వమని 1992లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన మనోహర్ పంజాబీ సిద్ధాంతీకరించారు. ఆయన మెకానికల్ ఇంజినీర్. ఆర్థోపెడిక్ సర్జన్ అగస్టస్ వైట్‌తో కలిసి 1978లో ఆయన వెలువరించిన ‘క్లినికల్ బయోమెకానిక్స్ ఆఫ్ ది స్పైన్’ ఈ రంగానికి మూలగ్రంథాల్లో ఒకటి.

అందుకే ఎంపీసీ పిల్లలకు నా మొదటి సలహా మెకానికల్, లేదంటే సివిల్. మెకానిక్స్ పునాది పడ్డాక అనాటమీ నేర్చుకోవచ్చు, తలకిందులుగా నేర్చుకోవడం కష్టం. తర్వాత గేట్ రాసి ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ మద్రాస్ వంటి చోట్ల బయోమెడికల్ వైపు మళ్లవచ్చు. బైపీసీ వాళ్లకు ఫిజియోథెరపీ మంచి దారి. కదలికల విశ్లేషణ, కండరాల విద్యుత్ సంకేతాలను కొలవడం వంటి పనుల్లో వాళ్ల అవసరం చాలా ఉంటుంది. అర్హతలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఇక జాగ్రత్తలు. తెల్లవారకముందే లేపి రాత్రి దాకా బల్లకు అతికించే హాస్టళ్లలో ఏళ్లకేళ్లు మగ్గబెడితే ర్యాంకు వస్తుందో రాదో గానీ, పిల్లవాడికి ఉన్న కుతూహలం మాత్రం చస్తుంది. “పక్కింటివాళ్లమ్మాయికి సీటొచ్చింది” అన్న మాట దయచేసి ఇంట్లో ఎత్తకండి.

కొత్త పేరున్న బ్రాంచికి డొనేషన్ కట్టేముందు ఆ కాలేజీ ల్యాబ్‌లోకి వెళ్లి చూడండి. మెటీరియల్ టెస్టింగ్ యంత్రం పనిచేస్తోందా? దానిమీద పరిశోధన చేస్తున్న అధ్యాపకుడు ఒక్కడైనా ఉన్నాడా? లేకపోతే అక్కడ మీరు కొనేది బ్రోచర్.

పొలం అమ్మి విదేశీ ఎంఎస్‌కి పంపొద్దు. పరిశోధనే లక్ష్యమైతే స్టైపెండ్ ఇచ్చే పీహెచ్‌డీకే గురిపెట్టాలి. మన దేశంలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్‌) తొలి రెండేళ్లు నెలకు రూ.37,000. సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చుకుని బాధపడేవాళ్లు ఇటు రాకపోవడమే మేలు. ఇంప్లాంట్ కంపెనీలు, పరిశోధనశాలలు, అధ్యాపక పోస్టులు ఉన్నాయి కానీ ఎన్నో లేవు.

నిజంగా ఆసక్తి ఉందో లేదో తేల్చుకోవడానికి పైసా ఖర్చక్కర్లేదు. ఎన్‌పీటీఈఎల్‌లో బయోమెకానిక్స్ పాఠాలు, స్టాన్‌ఫర్డ్ వాళ్ల ఓపెన్‌సిమ్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఈ సెలవుల్లో వాటితో కుస్తీ పట్టనివ్వండి. మీరు గుర్తుచేయకుండానే మర్నాడు మళ్లీ తెరిచాడంటే ముందుకు పంపండి. విసుగొచ్చి మూసేస్తే పోయేది ఒక వేసవి సెలవే, కోచింగ్ ఫీజు కాదు.