కంప్యూటరులో చెరిగిన పాల లెక్కలు తిరిగి రాబట్టుట

మేము తనిఖీకి వెళ్లిన ఒక పాల ఉత్పత్తిదారుల సహకార సంఘంలో జరిగిన సంగతి ఇది. కంప్యూటరు నెమ్మదించిందని మరమ్మతు చేసే కుర్రవాడిని పిలిచారు. అతడు విండోస్ కొత్తగా ఎక్కిస్తూ, సి, డి అనే రెండు పార్టిషన్లనూ తీసివేసి ఒక్కటిగా కలిపివేశాడు. పాల లెక్కలన్నీ డి లోనే ఉన్నవి. 15 రోజుల బిల్లు పంపిణీకి ఇంకా నాలుగు రోజులే గడువు. కార్యదర్శి భయపడి ఎవరికీ చెప్పక, అదే యంత్రంపై మూడు రోజులు పాలు పోయించుకున్నాడు. అసలు నష్టం అక్కడే జరిగింది.

పార్టిషన్ అనగా డిస్కులో వేసిన గట్టు వంటిది. ఏ గట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో తెలిపే పట్టిక వేరుగా ఉంటుంది. పాత పద్ధతి డిస్కులలో అది మొదటి 512 బైట్లలోనే ఇమిడి ఉంటుంది. అందులో పట్టికకు దక్కే చోటు 64 బైట్లు మాత్రమే. జి.పి.టి. అనే కొత్త పద్ధతిలో దీని నకలు డిస్కు చివర కూడా ఉంటుంది. పార్టిషన్ తీసివేసినప్పుడు చెరిగేది ఈ పట్టికలోని వరుస మాత్రమే. హద్దురాయి పీకినా పైరు పొలంలోనే ఉండును గదా! దున్ని వేరే విత్తనం చల్లితేనే పాతది పోతుంది. విండోస్ ఎక్కించడమూ, ఆ తరువాత ప్రతి పూటా పాలు నమోదు చేయడమూ ఆ దున్నకమే.

కనుక పొరపాటు తెలిసిన క్షణమే కంప్యూటరు ఆపివేయవలెను. పాలు కాగితంపై రాసుకొనవచ్చును. ఎస్.ఎస్.డి. రకం డిస్కయితే మరీ తొందర, ఏలననగా చెరిపిన చోటును ట్రిమ్ అనే ఏర్పాటుతో అదే ఖాళీ చేసుకుంటుంది. ఆ సంఘంలో ఉన్నది పాత రకం డిస్కు కావడం అదృష్టం.

డిస్కు ఊడదీసి వేరే కంప్యూటరుకు తగిలించి, ముందుగా మొత్తం డిస్కుకు అచ్చుగా నకలు తీయించాము. పని అంతా నకలుపైనే; అసలును ముట్టలేదు. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాము వెదకి పాత డి హద్దులు చూపింది. ఫైళ్లు వేరే డిస్కులోకి తీసుకున్నాము. హద్దులు దొరకనిచోట ఫోటోరెక్ అనునది ఫైళ్లను ఏరి ఇస్తుంది గాని వాటి పేర్లు రావు. ఏది ఏదో తెరిచి చూసుకొనవలసిందే.

పాత సంవత్సరాల లెక్కలు, వాటాధనం, బోనస్ జాబితాలు వచ్చినవి. నడుస్తున్న బిల్లులో మాత్రం ఆరు రోజుల లెక్క మీద కొత్త రాత పడింది. అది ఏ ప్రోగ్రాముతోనూ రాదు. ఎవరైనా తెప్పిస్తామని వేలు అడిగితే ఇవ్వవద్దు.

ఆ ఆరు రోజులను సభ్యుల చీటీల నుండి కూర్చాము. ఒక సభ్యురాలు చీటీలన్నీ తీగకు గుచ్చి దూలానికి తగిలించి ఉంచింది. ఒక్క పూటా తప్పలేదు. కొందరి ఫోన్లలో సందేశాలు దొరికినవి. పూటవారీగా సభ్యుల పాలు కూడి, శీతలీకరణ కేంద్రానికి పంపిన పాలతోనూ స్థానిక అమ్మకంతోనూ సరిచూశాము. కొద్ది తేడా సహజం. ఒక పూట తేడా ఎక్కువ రాగా, ఇద్దరి చీటీలు కలపలేదని తేలింది. చీటీ లేని తొమ్మిది మందికి, ముందు వెనుక రోజుల సగటు పాలు, వెన్న శాతం లెక్కించి, వారి సంతకం తీసుకొని, పాలకవర్గ తీర్మానంతో చెల్లించారు. బిల్లు రెండు రోజులు ఆలస్యమైంది.

ఇకపై ప్రతి బిల్లు రోజున లెక్కల నకలు పెన్‌డ్రైవులో తీసి, సంఘ భవనంలో గాక అధ్యక్షుని ఇంట ఉంచవలెను. మరమ్మతుకు ముందు ఆ నకలు వేరే కంప్యూటరులో తెరుచుకొనునో లేదో చూడవలెను. వచ్చే తనిఖీలో దానిని మా ఎదుట తెరిచి చూపమని అడుగుతాము.