కాలువలా గీయాలా, నదిలా గీయాలా? – మైండ్ మ్యాప్‌తో ఇంటి కాగితాలు, ప్రాజెక్టు పనులు

మైండ్ మ్యాప్ అనగానే మనలో చాలామందికి పరీక్ష ముందు రోజు రాత్రి రంగు పెన్నులతో గీసే బొమ్మ గుర్తొస్తుంది. మధ్యలో ఒక గుండ్రం, చుట్టూ కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు. పరీక్ష అయిపోయాక ఆ కాగితం ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. నేను చెప్పబోయేది ఆ బొమ్మ గురించి కాదు. ఇంటి కాగితాలు, స్కాలర్‌షిప్ పని, మినీ ప్రాజెక్టు – ఈ మూడింటినీ మైండ్ మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో ఎలా సర్దుకోవచ్చు, ఎక్కడ అది పనికిరాదు అన్నది చెబుతాను. మాది కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డి. ఉదాహరణలన్నీ అక్కడివే.

ముందు కొంచెం నేపథ్యం

మైండ్ మ్యాప్ అనే మాటను జనంలోకి తెచ్చినవాడు ఇంగ్లండుకు చెందిన టోనీ బుజాన్. 1974లో బీబీసీలో వచ్చిన ‘యూజ్ యువర్ హెడ్’ అనే కార్యక్రమంతో ఇది బాగా ప్రచారమైంది. ఇంచుమించు అదే దశాబ్దంలో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో జోసెఫ్ నోవాక్ బృందం ‘కాన్సెప్ట్ మ్యాప్’ తయారుచేసింది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ తేడా ఉంది. బుజాన్ బొమ్మలో ఒకే కేంద్రం, దాని నుంచి కొమ్మలు. నోవాక్ బొమ్మలో ఏ విషయం నుంచి ఏ విషయానికైనా గీత గీయవచ్చు, ఆ గీత మీద సంబంధం ఏమిటో రాయాలి.

మన డేటా స్ట్రక్చర్స్ భాషలో చెప్పాలంటే మొదటిది ట్రీ, రెండోది గ్రాఫ్. ట్రీలో ప్రతి నోడ్‌కు ఒక్కటే తల్లి నోడ్ ఉంటుంది. ఈ ఒక్క నియమం గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే నేను వాడేది ఫ్రీప్లేన్. ఫ్రీమైండ్ అనే పాత ఉచిత సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి పెరిగింది ఇది. జావా మీద నడుస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఎక్స్‌మైండ్ చూడటానికి ఇంకా అందంగా ఉంటుంది గానీ అందులో కొన్ని సౌకర్యాలకు డబ్బు కట్టాలి. ఏది వాడినా పద్ధతి ఒకటే.

మా ఊరి నీళ్లు నేర్పే పాఠం

మా దగ్గర మంజీర ఉంది. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, దారిలో ఎన్నో వాగులను కలుపుకుంటూ వచ్చి చివరికి గోదావరిలో కలుస్తుంది. దాని మీద అచ్చంపేట దగ్గర 1923 నుంచి 1931 వరకు నిజాంసాగర్ కట్టారు. ఆ కట్ట నుంచి ప్రధాన కాలువ బయల్దేరుతుంది. దాని నుంచి డిస్ట్రిబ్యూటరీలు, వాటి నుంచి పిల్ల కాలువలు, చివరికి ఒక్కో మడి.

నది చాలా చోట్ల నుంచి వచ్చి ఒక్కటవుతుంది. కాలువ ఒక్క చోట మొదలై చాలా చోట్లకు పోతుంది. మైండ్ మ్యాప్ గీయడానికి కూడా ఈ రెండు దారులే ఉన్నాయి. విషయం మొత్తం ముందే తెలిసినప్పుడు కాలువ పద్ధతి: మధ్యలో మొదలుపెట్టి బయటికి వెళ్లాలి. విషయం ఇంకా తెలియనప్పుడు నది పద్ధతి: ముక్కలన్నీ ముందు రాసి, వాటిని ఒక్కొక్కటిగా కలుపుకుంటూ మధ్యకు రావాలి. చాలామంది మైండ్ మ్యాప్ మొదలుపెట్టి వారంలో వదిలేయడానికి కారణం, నదిలా గీయాల్సిన దాన్ని కాలువలా గీయబోవడమే. ఖాళీ తెర మధ్యలో ‘నా ప్రాజెక్టు’ అని రాసి, తర్వాత ఏం రాయాలో తోచక కూర్చుంటారు.

ఇంకొక్క సంగతి. నిజాంసాగర్ కాలువ కూడా పూర్తిగా ట్రీ కాదు. మా మండలంలోని కల్యాణి, పక్కనున్న సింగీతం రిజర్వాయర్ల నీళ్లు కూడా అందులో వచ్చి కలుస్తాయి. అంటే ప్రధాన కాలువకు ఒక్క తల్లి కాదు, ముగ్గురు తల్లులు. మన మ్యాప్‌లో కూడా అలాంటి అడ్డ కాలువలు కావాలి. వాటినే సాఫ్ట్‌వేర్‌లో లింకులు, కనెక్టర్లు అంటారు.

మొదటి ఉదాహరణ: ఇంటి కాగితాలు (కాలువ పద్ధతి)

పోయిన వానాకాలం మా నాయినకు ఆపరేషన్ అయ్యి కామారెడ్డిలో ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. సరిగ్గా అప్పుడే సొసైటీలో పంట రుణం కట్టి తిరిగి తీసుకోవాల్సిన గడువు దగ్గరపడింది. గడువు దాటితే వడ్డీ రాయితీ పోతుంది. అదే నెలలో నా ఫీజు రీయింబర్స్‌మెంట్ రెన్యువల్. ఏ కాగితం ఎక్కడుందో తెలిసిన మనిషి ఒక్క నాయిననే. అమ్మ ఎల్లారెడ్డిలో, నేను ఆస్పత్రిలో, కాగితాలేమో ఇంట్లో సందుగలో.

నాయిన మంచం పక్కన లాప్‌టాప్ పెట్టుకుని సాయంత్రాలు అడుగుతూ మ్యాప్ గీశాను. మధ్యలో ‘మన ఇల్లు’ అని రాసి, మొదట వరుసగా సబ్జెక్టుల పేర్లు పెట్టాను: భూమి, బ్యాంకు, చదువు, ఆరోగ్యం. పది నిమిషాల్లోనే చిక్కు వచ్చింది. ఆదాయ ధ్రువపత్రం ఎక్కడ పెట్టాలి? స్కాలర్‌షిప్‌కు కావాలి, హాస్టల్‌కు కావాలి. ఆధార్ అయితే ప్రతి కొమ్మకూ కావాలి. ట్రీలో ఒక్కటే తల్లి అనే నియమం ఇక్కడ అడ్డం పడుతుంది. నాలుగు చోట్ల నాలుగుసార్లు రాస్తే, ఒకచోట మార్చినప్పుడు మిగతా మూడూ పాతవైపోతాయి.

దీనికి పరిష్కారం, మ్యాప్‌ను రెండు పెద్ద కొమ్మలుగా చీల్చడం.

మొదటి కొమ్మ: ‘ఎక్కడుంది’. దీని కింద సబ్జెక్టులు ఉండవు, స్థలాలు ఉంటాయి. సందుగ, బీరువా, నా ఫైలు, ఫోన్‌లో ఫొటో. ఒక కాగితం ఒకేసారి ఒక్క చోటే ఉండగలదు కాబట్టి ఇక్కడ ట్రీ నియమం చక్కగా సరిపోతుంది.

రెండో కొమ్మ: ‘ఏ పని’. స్కాలర్‌షిప్, పంట రుణం, ఆస్పత్రి. ప్రతి పని కింద మూడే నోడ్‌లు: చివరి తేదీ, తర్వాతి అడుగు, కావాల్సిన కాగితాలు. కాగితాల పేర్లు మళ్లీ రాయకుండా మొదటి కొమ్మలోని నోడ్‌కు లింకు ఇవ్వాలి. లింకు నొక్కితే నేరుగా ‘సందుగ, ఎర్ర కవరు’ దగ్గరికి తీసుకెళ్తుంది.

ఇక్కడ మా జిల్లాకు సంబంధించిన చిన్న జాగ్రత్త ఒకటి. కామారెడ్డి జిల్లా 2016 అక్టోబర్ 11న ఏర్పడింది. అంతకుముందు కాగితాల్లో మాది నిజామాబాద్ జిల్లా. అందుకే ప్రతి పాత కాగితం నోడ్ పక్కన ‘పాత జిల్లా’ అని గుర్తు పెట్టాను. కొత్త జిల్లాలు వచ్చిన చోట చాలామందికి ఇది పనికొస్తుంది.

మ్యాప్‌ను బొమ్మగా మార్చి అమ్మకు వాట్సాప్‌లో పంపాను. అమ్మకు సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ‘ఎక్కడుంది’ కొమ్మ చాలు. పాస్‌బుక్కు, ఆదాయ ధ్రువపత్రం రెండూ ఆ సాయంత్రమే దొరికాయి. గడువులోపు రెండు పనులూ అయ్యాయి.

కాగితమే లేని సంగతులు

మూడో రోజు నేను ‘బాకీలు’ అని ఒక నోడ్ పెట్టాను. నాయిన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “రాసుకో బిడ్డా, ఎరువుల దుకాణంల ఇంకా ఇయ్యాల్సింది ఉన్నది. మీ అమ్మకు తెల్వదు” అన్నాడు. రాశాను. ఏ సందుగలోనూ లేని సంగతి అది. మనిషి తలలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆపరేషన్ బాగా జరిగింది కాబట్టి సరే, జరగకపోయి ఉంటే?

“మరి మనకు ఇయ్యాల్సినోళ్లు ఎవరన్నా ఉన్నరా?” అని అడిగాను. ఒక స్నేహితుడి పేరు చెప్పాడు. టైపు చేయబోతుంటే ఆపాడు. “అది రాయకు. ఆయనకు ఉన్నప్పుడు ఇస్తడు. ఇయ్యకున్నా మంచిదే.”

రాయలేదు. ఇంటివాళ్ల సమాచారంతో మ్యాప్ గీసేటప్పుడు కీబోర్డు మన చేతిలో ఉన్నా, ఏది రాయాలో చెప్పే హక్కు ఆ సమాచారం ఎవరిదో వాళ్లదే. ఈ సంగతి ఏ ట్యుటోరియల్‌లోనూ ఉండదు గానీ, నా లెక్కలో ఇదే మొదటి నియమం.

రెండో ఉదాహరణ: మినీ ప్రాజెక్టు (నది పద్ధతి)

మా బ్యాచ్ ప్రాజెక్టు: కాలువలో నీళ్లు పొలం తూము దాకా వచ్చినప్పుడు రైతు ఫోన్‌కు మెసేజ్ పంపే పరికరం. నీళ్ల వంతు ఎప్పుడొస్తుందో అని రాత్రి పూట పొలం కాడ కూర్చునే వాళ్లను చూసి పుట్టిన ఆలోచన.

ఇక్కడ మధ్యలో ఏమీ రాయలేదు. నలుగురం కలిసి అరగంట సేపు తోచిందల్లా విడి నోడ్‌లుగా వేశాం. సెన్సర్ ఏది? రాత్రి కరెంటు పోతే? సిగ్నల్ లేని చోట? ఎలుకలు వైరు కొరికితే? మెసేజ్ తెలుగులో పోతుందా? వానకు తడిస్తే? బ్యాటరీ ఎవరు మారుస్తారు? నలభై దాకా వచ్చాయి. తర్వాత ఒకదాని పక్కకు ఒకటి జరుపుతూ గుంపులు చేశాం. గుంపు అయ్యాకే దానికి పేరు పెట్టాం.

అప్పుడు కనిపించింది అసలు విషయం. సెన్సర్ గుంపులో ఉన్నవి నాలుగే నోడ్‌లు. కరెంటు, ఎలుకలు, వాన, బ్యాటరీ, సిగ్నల్ అన్నీ కలిసి ఒక పెద్ద గుంపు అయ్యాయి. దానికి ‘పొలంలో ఎవరూ లేనప్పుడు’ అని పేరు పెట్టాం. మేము నెల రోజులు సెన్సర్ మీద పెట్టాలనుకున్న సమయాన్ని రెండు వారాలకు కుదించి, మిగతాది డబ్బా, బ్యాటరీ, సోలార్ ప్యానెల్ మీద పెట్టాం. కాలువ పద్ధతిలో ‘హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్, రిపోర్టు’ అని మామూలు కొమ్మలతో మొదలుపెట్టి ఉంటే ఈ గుంపు మూడు చోట్ల చెల్లాచెదురై కనిపించేదే కాదు.

చేతికి వచ్చే నాలుగు మీటలు

ఫ్రీప్లేన్‌లో నోడ్ ఎంచుకుని ట్యాబ్ నొక్కితే పిల్ల నోడ్ వస్తుంది. ఎంటర్ నొక్కితే పక్క నోడ్ వస్తుంది. ఎఫ్2తో రాసింది మార్చవచ్చు. స్పేస్ నొక్కితే కొమ్మ ముడుచుకుంటుంది, మళ్లీ నొక్కితే విచ్చుకుంటుంది. నోడ్‌ను మౌస్‌తో లాగి ఎక్కడికైనా మార్చవచ్చు. మొదటి వారం ఇవి చాలు. రంగులు, ఐకాన్‌ల జోలికి పోకండి, పని కన్నా అలంకారం ఎక్కువవుతుంది.

తెలుగులో రాయాలంటే యూనికోడ్ కీబోర్డుతోనే టైపు చేయండి. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టించిన మాటలు ఇక్కడ అతికిస్తే అర్థంలేని అక్షరాలొస్తాయి, వెతికినా దొరకవు. పీడీఎఫ్‌లో ఒత్తులు చెదిరితే పీఎన్‌జీ బొమ్మగా మార్చుకోండి.

ఫ్రీప్లేన్ ఫైలు లోపల ఉండేది మామూలు ఎక్స్‌ఎంఎల్. నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకుంటుంది. రేపు ఈ సాఫ్ట్‌వేర్ లేకపోయినా మన సమాచారం మనకుంటుంది, అది మంచి. లాప్‌టాప్ తీసుకున్న ఎవరైనా చదవగలరు, అది చెడు. అందుకే ఆధార్ నంబరు, ఖాతా నంబరు, పిన్, పాస్‌వర్డ్ మ్యాప్‌లో రాయకూడదు. ఆ కాగితం ఎక్కడుందో రాస్తే చాలు. ఫైలు కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంచండి.

ఎక్కడ వాడొద్దు

తేదీలు గుర్తు చేయడం మ్యాప్ పని కాదు. చివరి తేదీని ఫోన్ క్యాలెండర్‌లో కూడా పెట్టండి. లెక్కలు ఎక్సెల్‌లో వేయండి. రిపోర్టు రాయడం మొదలయ్యాక మ్యాప్ మూసేసి వాక్యాలు రాయండి, ఎందుకంటే కొమ్మలకు ‘కాబట్టి’, ‘అయినా’ అనే మాటలు రావు. ఒక విషయం నుంచి ఇంకోదానికి ఎలా వెళ్లామో వాక్యమే చెప్పాలి.

ఇంకా, నెలకోసారి కలుపు తీయాలి. అయిపోయిన పనిని ‘పూర్తయినవి’ కిందికి లాగేయండి. మధ్య నోడ్ పక్కన చివరిసారి సరిచూసిన తేదీ రాయండి. తేదీ లేని మ్యాప్‌ను నమ్మి ఎవరినీ సందుగ దగ్గరికి పంపకండి.

ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు

దసరా సెలవుల్లో ఒక గంట తీసుకుని ఇంట్లో కాగితాలు చూసుకునే మనిషిని ఈ ఐదు ప్రశ్నలు అడగండి. భూమి, ఇంటి కాగితాలు ఎక్కడున్నాయి? ఏ బ్యాంకుల్లో ఖాతాలున్నాయి, నామినీ ఎవరు? బీమా ఉందా, ఎప్పటిదాకా? ఈ ఏడాది గడువున్న పనులేవి? కాగితం మీద లేని ఇచ్చిపుచ్చుకోవడాలు ఏమైనా ఉన్నాయా?

చివరి ప్రశ్నకు వెంటనే జవాబు రాకపోవచ్చు. తొందరపెట్టకండి. టీ తాగుతూ మళ్లీ అడగండి. రాయొద్దంటే రాయకండి, విని గుర్తుంచుకోండి.