మందుతో పాటు మంచి మాట

శరీరమున్నంత కాలం చిన్నచిన్న బాధలు తప్పవు. ప్రతి బాధకూ ఆసుపత్రి అవసరం లేదు. అయితే ఏ బాధకు అవసరమో గుర్తించకపోవడం ప్రాణాపాయానికి దారితీయవచ్చు. ఆ తారతమ్యాన్ని తొలుత గుర్తించగలిగిన వ్యక్తి మందుల దుకాణంలోని ఫార్మసిస్టు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా నుండి ఏర్పడ్డాయి. పత్తి చేలు, గిరిజన తండాలు, బొగ్గు గనులు, అడవులు గల ప్రాంతమిది. ఒంట్లో నలతగా ఉంటే ఇక్కడి పల్లెవాసులు తరచుగా ముందు మందుల దుకాణం మెట్లే ఎక్కుతారు.

జనగామ పరిసరాల పత్తి రైతు ఒకరు తలనొప్పి, వాంతులని చెప్పి బిళ్ళ అడిగారనుకుందాం. బిళ్ళ ఇచ్చి పంపడం సులభం. వివేకవంతుడైన ఫార్మసిస్టు మాత్రం "ఇయ్యాల చేన్ల మందు కొట్టినవా అన్నా?" అని అడుగుతాడు. అవునంటే అది పురుగుమందు విషప్రభావం కావచ్చు. ఆ రైతును వెంటనే ఆసుపత్రికి పంపాలి. ఆ ఒక్క ప్రశ్న ప్రాణం నిలుపుతుంది.

మహబూబాబాద్ తండా నుండి వచ్చిన తల్లి బిడ్డకు విరేచనాలంటే ఓఆర్ఎస్ పొట్లం ఇస్తే చాలదు. లీటరు పొట్లాన్ని కాచి చల్లార్చిన లీటరు నీటిలో పూర్తిగా కలపాలనీ, 24 గంటలు దాటితే పారబోయాలనీ, జింకు మందు 14 రోజులు వాడాలనీ వివరించాలి. మలంలో రక్తం పడినా, కళ్ళు గుంటలు పడినా, బిడ్డ మగతగా ఉన్నా ఆలస్యం చేయరాదని హెచ్చరించాలి.

భూపాలపల్లి అటవీ గ్రామాల్లో జ్వరమంటే మలేరియా, డెంగీలను అనుమానించాలి. డెంగీలో ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వంటివి రక్తస్రావాన్ని పెంచవచ్చు. కనుక రక్తపరీక్షకు పంపడమే సరైన సలహా. రెండు వారాలు దాటిన దగ్గుకు సిరప్ సీసా సమాధానం కాదు. క్షయ పరీక్ష చేయించాలి.

ఈ వృత్తికి చట్టం హద్దులు గీసింది. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం ఫార్మసిస్టు పేరు నమోదై ఉండాలి. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు రోగికి మందుల వాడకం గురించి సలహా ఇవ్వడాన్ని కర్తవ్యంగా పేర్కొన్నాయి. అయితే మన దేశంలో ఫార్మసిస్టు మందుచీటీ రాయరాదు. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మరాదు. 2014 నుండి హెచ్1 జాబితా మందుల అమ్మకాన్ని ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేసి, దానిని మూడేళ్ళు భద్రపరచాలి. ఇంగ్లండులో 2024 జనవరి నుండి ఏడు సామాన్య రుగ్మతలకు నిర్ణీత నియమాల మేరకు ఫార్మసిస్టులే చికిత్స చేస్తున్నారు. అక్కడ కూడా తమ పరిధి దాటిన రోగిని వైద్యుని వద్దకు పంపవలసిందే.

జలుబుకు రెండు యాంటీబయాటిక్ బిళ్ళలు అడిగేవారికి "వద్దు" అంటే ఆనాటి బేరం పోవచ్చు. కానీ అనవసరంగా వాడిన కొద్దీ సూక్ష్మజీవులు ఆ మందుకు లొంగకుండా పోతాయి. రేపు నిజంగా అవసరమైన వేళ అది పనిచేయదు. మందు అమ్మడం వ్యాపారం. అవసరం లేని మందును నిరాకరించడం వైద్యసేవ.

ప్రశ్నలు:
1. రైతును ఫార్మసిస్టు అడిగిన ప్రశ్నలోని అంతరార్థాన్ని వివరించండి.
2. 'నిరాకరించడం కూడా సేవయే' – పాఠం ఆధారంగా సమర్థించండి.